సమస్య: గాలి వేడెక్క చలిపుట్టె గగనమందు

నిర్వాహకుడు (పర్లాకిమిడి):
ఈ వారం పాదం ఇదీ. దీన్నే చివరి పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు కట్టి పూరించాలి.

గాలి వేడెక్క చలిపుట్టె గగనమందు

వినగానే నవ్వొచ్చింది, అందుకే ఇచ్చాను. ఫ్రిజ్జు మీద, ఏసీ మీద పూరణలు వద్దు. పోయినసారి ఫ్యాను మీద వచ్చినవాటితోనే తల తిరిగిపోయింది.

లెక్కల మాస్టారు (బరంపురం):
ఇందులో సమస్య ఏముందండీ? రోజూ మన నెత్తి మీద జరిగేదే కదా.

నేల కాగగ తేలికై నింగి కెగసి
పైన నొత్తిడి తగ్గగా వ్యాప్తి నొంది
తనదు వేడిని వెచ్చించి తరలిపోవ
గాలి వేడెక్క చలిపుట్టె గగనమందు

కొండగాలి (కోరాపుట్):
మాస్టారి పద్యం ఎప్పటిలాగే తప్పుల్లేకుండా ఉంది. ఎప్పటిలాగే జమాఖర్చుల పుస్తకం వాసన కూడా వేస్తోంది. "వెచ్చించి" అట! గాలికి కూడా నెలాఖరు ఇబ్బందులా?

లెక్కల మాస్టారు:
ఆ మాట కావాలనే వేశాను బాబూ. పైకి పోయేకొద్దీ గాలి మీద ఒత్తిడి తగ్గుతుంది, గాలి ఉబ్బుతుంది. ఉబ్బాలంటే చుట్టూ ఉన్న గాలిని నెట్టాలి, నెట్టడానికి శక్తి కావాలి. బయటినుంచి ఇచ్చేవాడెవడూ లేడు కనుక తన వేడిలోంచే తీసి ఖర్చు పెడుతుంది. మబ్బు పట్టని పొడిగాలి ఇలా కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. సైకిల్ ట్యూబు వాల్వు నొక్కి బుస్సుమని వచ్చే గాలికి వేలు అడ్డం పెట్టి చూడు, నా పద్యం అర్థమౌతుంది.

నాగావళి (రాయగడ):
రెండో పాదంలో "పై"కి "వ్యా" యతిగా, అంటే మొదటి అక్షరానికి పాదం మధ్యలో జత కలిసే అక్షరంగా, చెల్లుతుందా? నాకు చెవికి ఆనలేదు.

నిర్వాహకుడు:
చెల్లుతుంది. ప వర్గంతో వకారం కలుస్తుంది, ఐ-ఆ మైత్రి ఎలాగూ ఉంది. మాస్టారిని యతి దగ్గర పట్టుకోవడం మన వల్ల కాదమ్మా, వేరే చోట వెతుకుదాం.

కొండగాలి:
నేను వెతికాను. ఇదిగో.

మంట పెట్టగ గుమ్మటం మబ్బు దాక
లేచె; బుట్టలో నున్న మా లెక్కమాష్ట్రు
కోటు తెమ్మని కిందికి కూతలిడెను
గాలి వేడెక్క చలిపుట్టె గగనమందు

నాగావళి:
హహహ! గాలి వేడెక్కింది గుమ్మటంలో (అదే, వేడిగాలి బెలూన్‌లో), చలి పుట్టింది బుట్టలో. పాదం రెండుగా చీలిపోయి, ఏ ముక్కకి ఆ ముక్క అతికింది. "లెక్కమాష్ట్రు" యతిస్థానంలో కూర్చోవడం ఇంకా బాగుంది. ఆయన కోసమే కట్టిన స్థానంలా ఉంది.

లెక్కల మాస్టారు:
నన్ను ఎక్కించినందుకు సంతోషం. కానీ ఆ బుట్టలో చలి అంతగా వెయ్యదు. మంట నెత్తి మీదే ఉంటుంది, దాని సెగ కిందికి తగులుతూనే ఉంటుంది. పైగా గుమ్మటం గాలితోపాటే కొట్టుకుపోతుంది కనుక బుట్టలో ఉన్నవాడికి ఈదురుగాలి తగలదు. అంటే కోటు తెమ్మని అరిచినవాడు చలికి కాదు, భయానికి అరిచి ఉంటాడు. ఆకాశం సంగతుల్లో కొండగాలి గారి పరిజ్ఞానం మనకి కొత్త కాదు. "చలిమంట" సమస్యకి ఆయన రాసింది ఎవరికైనా గుర్తుందా?

నిర్వాహకుడు:
మాస్టారూ, వద్దండీ.

లెక్కల మాస్టారు:
నాకు కంఠతా వచ్చు.

కొండ నెక్కిన భానుడు కొంచెమైన
దగ్గరగునని వేడియు తగ్గదనియె

దేవమాలి మన ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఏ మేరకి దగ్గరైనట్టు?

కొండగాలి:
అది పద్యంలో ఒక అమాయకుడు అన్న మాట. "అనియె" అని స్పష్టంగా ఉంది. పాత్ర మాటని కవికి అంటగట్టడం బరంపురంలో ఆనవాయితీ కాబోలు.

లెక్కల మాస్టారు:
ఆ అమాయకుడు కోరాపుట్‌లోనే కదా కాపురం ఉంటున్నాడు! 870 మీటర్ల ఎత్తులో కూర్చుని రోజూ చలి అనుభవిస్తూ కూడా అర్థం చేసుకోలేదా? ఎండ గాలిని పెద్దగా కాల్చదు. గాలిలోంచి దూసుకొచ్చి నేలని కాలుస్తుంది, నేల గాలిని కాలుస్తుంది. మన పొయ్యి కింద ఉంది. సగటున కిలోమీటరుకి 6.5 డిగ్రీల లెక్కన గోపాల్‌పూర్ ఒడ్డుకన్నా మీ ఊరు ఐదున్నర డిగ్రీలు చల్లగా ఉండాలి, దాదాపు అలాగే ఉంటుంది.

ఉప్పుగాలి (గోపాల్‌పూర్):
మే నెలలో ఆ ఐదున్నర డిగ్రీలూ మాకు పంపండి, చెమటలో మునిగి చస్తున్నాం. పద్యం రాయడానికి కూడా ఓపిక లేదు.

నాగావళి:
నాదీ ఒకటి.

మండుటెండల వైశాఖ మధ్యవేళ
రాయగడ మీద వడగళ్లు రాలిపడెను
ఏల యీ మంచురాళ్లని యెంచి చూడ
గాలి వేడెక్క చలిపుట్టె గగనమందు

కొండగాలి:
"పడెను ఏల". పాదం మధ్యలో ఐతే విసంధి (సంధి చేయాల్సిన చోట చేయలేదు) అని కొట్టేసేవాణ్ణి. పాదాంతంలో వాక్యం ముగిసింది కనుక వదిలేస్తున్నాను. మాస్టారు రాసుంటే వదిలేవాణ్ణి కాదు.

నిర్వాహకుడు:
ఈ పూరణ నాకు బాగా నచ్చింది. ప్రశ్న మూడో పాదంలో అడిగి, ఇచ్చిన పాదాన్నే జవాబుగా పెట్టడం ఒడుపైన పని. ఒడియావాళ్లు కాలబైశాఖి అనే గాలివాన మన జిల్లాల్లో అందరికీ తెలుసు. మిట్టమధ్యాహ్నం మాడు పగిలే ఎండ, సాయంత్రానికి కారుమబ్బు, రేకుల మీద టపటపా రాళ్లు. చలికాలంలో పడని మంచు వేసవిలో పడటమేమిటని మా అమ్మమ్మ ఆశ్చర్యపోయేది.

లెక్కల మాస్టారు:
వేసవి కనుకే పడుతుందండీ. నేల ఎంత కాగితే గాలి అంత ఉధృతంగా లేస్తుంది. మన దగ్గర ఇంచుమించు 5 కిలోమీటర్ల పైన ఎప్పుడూ గడ్డకట్టే చలే. ఐదున్నర కిలోమీటర్ల దగ్గర ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం. కింద నుంచి తోసుకొచ్చే గాలి చినుకుల్ని అక్కడికి ఎగరేసి, బరువు మోయలేకపోయేదాకా పట్టి ఉంచుతుంది. ఆ లోపు పొర మీద పొర మంచు కట్టేస్తుంది. నాగావళిగారూ, మీ పద్యానికి పదికి తొమ్మిది. ఒకటి ఎందుకు తగ్గించానంటే, అలవాటు.

గుణుపురం కుర్రాడు:
నమస్కారం అందరికీ. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కనుక తప్పులుంటే తిట్టకండి.

సముద్ర జలములె యావిరై సాగిపోవ
గుండ్రముగ సుడి తిరుగుచు గోలపెట్ట
తిత్లి రాతిరి తలచిన తెలియు గాదె
గాలి వేడెక్క చలిపుట్టె గగనమందు

కొండగాలి:
"సముద్ర"! తమ్ముడూ, మొదటి అడుగే గుంటలో పడిందిరా. లఘువు, గురువు, లఘువు. ఆ గణం ఇక్కడ ఏ కుర్చీలో కూర్చుంటుంది?

నిర్వాహకుడు:
"సంద్ర జలములె" అను, సరిపోతుంది. మిగతాదంతా శుభ్రంగా ఉంది. "గుం"కి "గో" వేయడం చూశారా, పెద్దవాళ్లు కూడా తడుముకునే చోట.

ఉప్పుగాలి:
ఈ పద్యం చదివితే ఒళ్లు జలదరించింది. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న మా ఊరి దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014లో అదే తేదీన, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లి 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర. అక్టోబరు రెండో వారం వస్తే మా ఇంట్లో ఇప్పటికీ టెన్షనే. కొవ్వొత్తులు, అటుకులు ముందే కొనిపెట్టుకుంటాం.

లెక్కల మాస్టారు:
నైరుతి ముమ్మరంగా ఉన్నప్పుడు కింద గాలి పడమటి నుంచి, బాగా పైన గాలి తూర్పు నుంచి వీస్తాయి. ఎదిగే తుఫాను తల ఒకవైపు, మొండెం ఒకవైపు లాగేస్తాయి. అక్టోబరుకి ఆ పోరు సద్దుమణుగుతుంది. సముద్రం మాత్రం ఇంకా తుఫానుకి కావలసిన 26.5 డిగ్రీల పైనే ఉంటుంది. ఇక దానికి అడ్డేముంది?
ఐతే కుర్రాడి పూరణలో ఒక మెలిక ఉంది. ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి బయటపడుతుంది కనుక తుఫాను నడిబొడ్డు చుట్టుపక్కల గాలికన్నా వెచ్చగా ఉంటుంది. గగనమందు చలిపుట్టడం అక్కడ ఒప్పదు.

గుణుపురం కుర్రాడు:
మరి ఆ రాత్రి మేమంతా వణికిపోయాం కదా మాస్టారూ? పైకప్పు రేకులు లేచిపోయాయి, తడిసి ముద్దయ్యాం.

లెక్కల మాస్టారు:
అదే కారణం బాబూ. ఒంటి మీద తడి ఆరాలంటే వేడి కావాలి, నీ ఒంట్లోంచే పీల్చుకుంది. చలి పుట్టింది నీలో, గగనంలో కాదు. పద్యం మాత్రం బాగుంది, దాచుకో.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మాస్టారు చెప్పిన ఆ ఆవిరి వేడి మీదే నేను రెండు రోజులుగా కుస్తీ పడుతున్నాను. చూడండి.

కడలి తడిగాలి కొండపై కాలు మోప
మబ్బు పట్టె మహేంద్రాద్రి మాడు మీద
దాచుకొన్నట్టి వేడిని తడి విడువగ
గాలి వేడెక్క చలిపుట్టె గగనమందు

నాగావళి:
అక్కా! "మాడు మీద మబ్బు". ఆహా.

కొండగాలి:
మూడో పాదం యతి "దా"కి "త", బాగు. ఒక్కటి అడుగుతాను. తడి వేడిని విడిచింది, గాలి వేడెక్కింది, అంతవరకు సరే. మరి చలి ఎందుకు పుట్టినట్టు? మధ్యలో "ఐనను" అనే మాట ఒకటి ఉండాలి, లేదు. వంతెన కట్టకుండా ఏరు దాటించారు.

మహేంద్రతనయ:
వంతెన మొదటి పాదంలోనే ఉంది అన్నయ్యా. గాలి కొండ ఎక్కుతోంది కదా. ఎక్కడం వల్ల చల్లబడుతూనే ఉంది, మబ్బు కట్టడం వల్ల వేడి అందుతూనే ఉంది. రెండూ ఒకే గాలిలో, ఒకే సమయంలో.

లెక్కల మాస్టారు:
ఈ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. పొడిగాలికి కిలోమీటరుకి 10 డిగ్రీలు తగ్గుతాయన్నాను. మన తీరం నుంచి వచ్చే తడిగాలి మబ్బు కట్టాక ఆ తగ్గుదల ఇంచుమించు సగానికి పడిపోతుంది, ఎందుకంటే ఆవిరి ఇచ్చిన వేడి లోటుని కొంత పూడుస్తుంది. పూర్తిగా పూడ్చలేదు. అందుకే వేడెక్కుతూనే చల్లబడుతుంది. నా పూరణలో వేడి కింద, చలి పైన. ఆమె పూరణలో రెండూ ఒక్కచోటే. నా పద్యానికన్నా ఇదే మేలు. ఈ మాట కొండగాలి గారు స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.

కొండగాలి:
తీశాను. అచ్చు వేయించి పటం కట్టిస్తాను. "ఐనను" మాత్రం లేదు, లేదు, లేదు.

నిర్వాహకుడు:
ఈ వారం తాంబూలం మహేంద్రతనయగారికి. వడగళ్ల పద్యం వెనకే ఉంది. మాస్టారికి, కొండగాలికి తలా ఒక మొట్టికాయ.

లెక్కల మాస్టారు:
ఐతే వచ్చే వారానికి పాదం నేనిస్తాను. పైకెక్కిన గాలి ఎక్కడో ఒకచోట దిగాలి కదా. దిగితే ఒత్తిడి నొక్కుతుంది, కాగుతుంది.

జారి దిగు గాలి వేడెక్కె చలిని మరచి

గుణుపురం కుర్రాడు:
మొదటి పాదం కుదిరింది మాస్టారూ, మిగతావి రేపు:

దిగిన కొలదిని యొత్తిడి తెగ పెరుగగ

కొండగాలి:
గణాలు కుదిరాయి, శభాష్. కానీ "తెగ"నా? పద్యంలో?

నిర్వాహకుడు:
వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊళ్లో కూర్చుని "తెగ"ని తీసేయమని నేను చెప్పలేను. ఉండనీ తమ్ముడూ. రెండో పాదం రాయి.