చేతి స్కానర్‌లో విమానాల సంభాషణ వినబడటం లేదు

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను. కొత్తగా కొన్న చేతి రేడియో స్కానర్‌ను 118 నుండి 137 మెగాహెర్ట్జ్ వరకు వెతకమని పెడితే, ప్రతిసారీ ఉత్త హోరు దగ్గరే ఆగిపోతోంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: స్క్వెల్చ్‌ను (సంకేతం లేనప్పుడు హోరును మూసేసే అమరికను) పూర్తిగా తెరిచి, హోరు సరిగ్గా ఆగిపోయే చోటు దాకా మెల్లగా తిప్పి, అక్కడి నుండి వెంట్రుకవాసి మాత్రమే ముందుకు జరపండి, అంతకు మించితే దూరపు పైలట్ల సన్నని గొంతులు కూడా మూసుకుపోతాయి.

మరో జవాబు: విమానాల సంభాషణ ఏఎం పద్ధతిలో సాగుతుంది కనుక మోడ్ కూడా చూడండి. 162.400 నుండి 162.550 వరకు ఎఫ్ఎంలో రాత్రింబవళ్లు వచ్చే నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాతావరణ ప్రసారం వినబడితే యాంటెన్నా బాగున్నట్టే.

అడిగినవారు: ధన్యవాదాలండీ. మోడ్ ఎఫ్ఎంలోనే ఉంది. మార్చిన కాసేపటికే ఒక పైలట్ రన్‌వే సంఖ్యను తిరిగి చెప్పడం స్పష్టంగా విన్నాను.