ఎమ్మెల్లెస్‌లో పెట్టకుండా ఇల్లు అమ్మితే లాభం ఎవరికి? (డాలస్ ఏరియా)

కాలిన్_కౌంటీ:
ఎమ్మెల్లెస్ అంటే ఏజెంట్లందరూ అమ్మకానికున్న ఇళ్ళు నమోదు చేసి చూసుకునే ఉమ్మడి జాబితా. డాలస్ చుట్టుపక్కల ఇల్లు అమ్మేవాళ్ళకి ఏజెంట్లు కొందరు ఇలా చెప్తున్నారు: "మొదటి మూడు వారాలు ఎమ్మెల్లెస్‌లో పెట్టొద్దు. మా ఆఫీసు ఏజెంట్లకీ, వాళ్ళ బయ్యర్లకీ మాత్రమే చూపిద్దాం. మంచి ఆఫర్ వస్తే సరే, రాకపోతే అప్పుడు బయటపెడదాం." దీన్నే ప్రైవేట్ ఎక్స్‌క్లూజివ్ అనీ, ఆఫీస్ ఎక్స్‌క్లూజివ్ అనీ అంటున్నారు. అమ్మేవాళ్ళకి ఇందులో ఒరిగేదేమిటి? కొనేవాళ్ళు ఇలాంటి ఇళ్ళ వెంట పడాలా? ఏజెంట్లు, లోన్ వాళ్ళు చెప్పండి.

సుధారాణి_టీఎక్స్:
నా మాట సూటిగా చెప్తాను. ప్రత్యేక కారణం లేని మామూలు ఇంటికి ఇది అమ్మేవాళ్ళకి నష్టం. పదిమంది చూస్తేనే బేరం పలుకుతుంది. ఒక్క ఆఫీసు బయ్యర్లకే చూపిస్తే పోటీ పడేవాళ్ళు ఉండరు, పోటీ లేకపోతే మొదటి ఆఫరే ఆఖరి ఆఫర్ అవుతుంది. 6,00,000 డాలర్ల ఇంటికి రెండు శాతం తగ్గినా 12,000 డాలర్లు పోయినట్టే.

లాభం ఎక్కడికి వెళ్తుందో చూడండి. బయ్యర్ కూడా అదే కంపెనీ ద్వారా వస్తే రెండు వైపుల కమీషనూ ఒకే బ్రోకర్‌కి చేరుతుంది. టెక్సస్‌లో దీన్ని ఇంటర్మీడియరీ అంటారు. బ్రోకర్ ఇరుపక్షాల నుంచీ రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి, కమీషన్ ఎవరు ఇస్తున్నారో కూడా అందులో ఉండాలి. ఆ తర్వాత బ్రోకర్ మీ తరఫున గట్టిగా బేరం ఆడలేరు. అవతలివాళ్ళు ఎంతవరకు దిగుతారో, ఎంతవరకు ఎక్కుతారో వాళ్ళు రాసి ఇస్తే తప్ప చెప్పకూడదు. ఇరువైపులా వేరువేరు ఏజెంట్లను అపాయింట్ చేస్తేనే సలహా, అభిప్రాయం ఇవ్వడానికి వీలుంటుంది. ఒకే ఏజెంట్ రెండు వైపులా ఉంటే ఎవరికీ సలహా ఇవ్వలేరు. "ఎంతకి కౌంటర్ వెయ్యమంటారు?" అని అడిగితే జవాబు చెప్పలేని మనిషికి పూర్తి కమీషన్ ఇస్తున్నామన్నమాట.

రాఘవ_ప్లేనో:
సుధారాణి గారూ, ఇంటర్మీడియరీ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ అందరినీ ఒకే గాటన కట్టొద్దు. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళు ఉంటే, విడాకుల కేసు నడుస్తుంటే, లీజు మీద టెనెంట్ ఉండి రోజుకు ఆరు షోయింగ్‌లు కుదరకపోతే గుట్టుగా అమ్ముకోవడంలో తప్పేముంది? ఇంటి లోపలి ఫోటోలు ఏళ్ళ తరబడి ఇంటర్నెట్‌లో ఉండటం ఇష్టం లేనివాళ్ళూ ఉంటారు.

ఇంకో విషయం, ధర. ఇంత పెద్ద లాటు, ఇలాంటి ప్లాన్ చుట్టుపక్కల ఇంకొకటి లేనప్పుడు ధర ఎంత చెప్పాలో ఏజెంట్‌కీ స్పష్టంగా తెలియదు. ఎమ్మెల్లెస్‌లో ఎక్కువ పెట్టి తగ్గించుకుంటూ వస్తే ఆ ప్రైస్ కట్‌లూ, డేస్ ఆన్ మార్కెటూ (ఎన్ని రోజులుగా అమ్మకానికి ఉందో) అందరికీ కనిపిస్తాయి. నలభై రోజులైన ఇంటికి బయ్యర్ ఏజెంట్ మొదట అడిగేది "ఏం లోపం?" అనే. ప్రైవేటుగా రెండు వారాలు చూపిస్తే ఆ మచ్చ పడదు.

సుధారాణి_టీఎక్స్:
జబ్బు, విడాకులు, టెనెంట్: ఈ మూడూ ఒప్పుకుంటాను. ధర పరీక్ష మాత్రం ఒప్పుకోను. మీ ఆఫీసు బయ్యర్లు ఐదుగురు చూసి వద్దంటే ధర ఎక్కువనా, ఆ ఐదుగురికీ ఇల్లు నచ్చలేదనా? అంత చిన్న గుంపు నుంచి ఏమీ తేలదు. ఫోటోలు వద్దనుకుంటే ఎమ్మెల్లెస్‌లోనే పెట్టి, పబ్లిక్ వెబ్‌సైట్లకు పంపొద్దని సంతకం చెయ్యొచ్చు. అప్పుడు ఏజెంట్లందరూ చూస్తారు, ఊరంతా చూడదు. 2025 మార్చిలో ఏజెంట్ల జాతీయ సంఘం నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ "డిలేడ్ మార్కెటింగ్" అని ఇంకో దారి కూడా ఇచ్చింది. ఇల్లు ఎమ్మెల్లెస్‌లో ఉంటుంది, వెబ్‌సైట్లకు మాత్రం కొన్నాళ్ళు ఆలస్యంగా వెళ్తుంది. ఎన్నాళ్ళన్నది లోకల్ ఎమ్మెల్లెస్ నిర్ణయిస్తుంది.

వంశీ_లిస్టింగ్స్:
రూల్ ఎక్కడ తెగుతుందో చాలామందికి తెలియట్లేదు. అదే సంఘం పెట్టిన క్లియర్ కోఆపరేషన్ పాలసీ 2020 నుంచి అమల్లో ఉంది. ఇంటిని బయట ప్రచారం చేసిన ఒక్క పనిదినం లోపల ఎమ్మెల్లెస్‌కి ఇవ్వాలి. యార్డ్ సైన్, ఫ్లయర్, ఫేస్‌బుక్ పోస్టు, బయటి బ్రోకర్లకు ఈమెయిల్, అన్నీ ప్రచారమే. ఆఫీస్ ఎక్స్‌క్లూజివ్ అంటే ఆ కంపెనీ ఏజెంట్ల మధ్య, వాళ్ళ క్లయింట్లతో విడివిడిగా మాట్లాడుకునేది మాత్రమే.

మన దగ్గర జరిగేది ఏమిటంటే, ఏజెంట్ గుట్టుగా ఉంచుతాడు కానీ అమ్మేవాళ్ళ బంధువు ఎవరో ఐదొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెడతాడు. అది పబ్లిక్ మార్కెటింగ్ కిందికి వస్తుందన్న వాదన మొదలవుతుంది. పైగా ఇళ్ళ వెబ్‌సైట్ జిల్లో 2025 జూన్ 30 నుంచి ఒక నిబంధన పెట్టింది: బయట ప్రచారం చేసి ఎమ్మెల్లెస్‌లో టైముకి పెట్టని ఇంటిని, ఆ బ్రోకరేజ్‌తో ఆ లిస్టింగ్ అగ్రిమెంట్ (ఇల్లు అమ్మిపెట్టే ఒప్పందం) ఉన్నన్నాళ్ళూ తమ సైట్లో చూపించరు. ఒక్క ఫార్వర్డ్‌తో అంత పెద్ద కిటికీ మూసుకుపోవచ్చు. ప్రైవేటుగా ఉన్నన్నాళ్ళూ ఫోటోలు మీ ఫోన్ దాటకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

లోన్_మాధవి:
కొనేవాళ్ళ వైపు నుంచి నేను చెప్తాను. దెబ్బ ఎక్కువగా తగిలేది అప్రైజల్ దగ్గర, అంటే లోన్ కోసం ఇంటి విలువ కట్టేటప్పుడు.

టెక్సస్‌లో అమ్మిన ధర పబ్లిక్ రికార్డులోకి రాదు. అప్రైజర్‌కి ప్రధాన ఆధారం ఎమ్మెల్లెస్‌లోని అమ్మకాలే. ఫానీ మే (ఇంటి లోన్‌లు కొనే సంస్థ) ప్రమాణాల లోన్‌కి మామూలుగా కనీసం మూడు క్లోజ్ అయిన కాంప్స్ (పోల్చదగ్గ ఇళ్ళ అమ్మకాలు) కావాలి, సాధారణంగా గత 12 నెలల్లోవి. ఒక సబ్‌డివిజన్‌లో ఇళ్ళు ప్రైవేటుగా అమ్ముడైపోతుంటే ఆ ధరలు చాలాసార్లు అప్రైజర్ కంటికే రావు. మీరు 6,20,000కి ఒప్పుకున్న ఇంటికి అప్రైజర్ 5,95,000 విలువ వేశారనుకోండి. 25,000 తేడాకి మూడు దారులు: అమ్మేవాళ్ళు తగ్గించాలి, మీరు చేతి డబ్బు పెట్టాలి, లేదా బయటకు రావాలి. బయటకు రావాలంటే కాంట్రాక్టుకి థర్డ్ పార్టీ ఫైనాన్సింగ్ అడెండమ్ (లోన్ షరతుల అనుబంధ పత్రం) జత చేసి ఉండాలి, గడువు లోపల నోటీసు ఇవ్వాలి. ప్రైవేట్ ఇల్లు కదా, త్వరగా తేల్చాలని ఈ అడెండమ్‌ను గానీ, అందులోని అప్రైజల్ రక్షణను గానీ వదిలేసుకోమంటారు. వదులుకోవద్దు.

ఆప్షన్ పీరియడ్ (కారణం చెప్పకుండా రద్దు చేసుకోగల గడువు) కూడా అంతే. ఆ గడువు కోసం కట్టే ఆప్షన్ ఫీజూ, బయానాగా ఇచ్చే ఎర్నెస్ట్ మనీ కాంట్రాక్టు అమలైన మూడు రోజుల్లోపు టైటిల్ కంపెనీకి చేరాలి. ఆప్షన్ ఫీజు టైముకి చేరకపోతే, కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు పోతుంది. తొందర డీల్‌లో ఇక్కడే జారుతుంది.

హరిణి_కె:
మాధవి గారూ, మరి బయ్యర్ ఏజెంట్ కమీషన్? ప్రైవేట్ ఇంటికి అది ఎక్కడా కనిపించదు కదా.

లోన్_మాధవి:
2024 ఆగస్టు 17 నుంచి ఎమ్మెల్లెస్‌లో ఉన్న ఇళ్ళకి కూడా అందులో కనిపించదు, హరిణి గారూ. ఏజెంట్‌తో ఇల్లు చూడటానికి ముందే మీరు రాతపూర్వక అగ్రిమెంట్ చెయ్యాలి, అందులో వాళ్ళ ఫీజు అంకె స్పష్టంగా ఉండాలి. ఎవరు చెల్లించినా అంతకు మించి తీసుకోకూడదు. అమ్మేవాళ్ళు అందులో ఎంత భరిస్తారో ఆఫర్ వెయ్యకముందే అడిగించి, కాంట్రాక్టులో రాయించండి. లేకపోతే ఆ మొత్తం మీ మీదే పడుతుంది, క్లోజింగ్ ఖర్చుల లెక్క మొత్తం మారిపోతుంది.

అరుణ_ఎఫ్:
ఒక్క మాట. "మనవాళ్ళకే అమ్ముదాం" అని ప్రైవేటుగా ఉంచడం ఈ చర్చల్లో మామూలైపోయింది. అలా అనొద్దు. 1968 ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ప్రకారం మతం, జాతి, పుట్టిన దేశం చూసి ఇల్లు ఇవ్వననడం చట్టవిరుద్ధం, ఏజెంట్ దానికి సాయపడినా చట్టవిరుద్ధమే. మనం కూడా ఈ దేశంలో అద్దెకీ, కొనడానికీ తలుపు తట్టినవాళ్ళమే.

కాలిన్_కౌంటీ:
అందరికీ కృతజ్ఞతలు. చివరి ప్రశ్న. కారణం ఉండి ప్రైవేటుగానే మొదలుపెట్టాలంటే లిస్టింగ్ అగ్రిమెంట్‌లో ఏం రాయించుకోవాలి?

సుధారాణి_టీఎక్స్:
ముందు తేదీ. "ఫలానా తేదీ సాయంత్రం 5 గంటలకి, అమ్మేవారు మళ్ళీ చెప్పకపోయినా ఎమ్మెల్లెస్‌లో పెట్టాలి" అని ఉండాలి. 14 రోజులు దాటనివ్వొద్దు. ఫోటోలు, ఫ్లోర్ ప్లాన్, సెల్లర్స్ డిస్‌క్లోజర్ (ఇంటి పరిస్థితి, లోపాలు తెలిపే పత్రం) ఆ తేదీకి ముందే సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఇంకో వారం కరిగిపోతుంది.

తర్వాత ఇంటర్మీడియరీ. దానికి ఒప్పుదలగా మొదటి రోజే సంతకం పెట్టించేసుకుంటారు. ఆ పెట్టెలో టిక్ పెట్టకుండా వదిలేసి, అదే కంపెనీ బయ్యర్ వచ్చినప్పుడు విడిగా అడగమనండి. ఒప్పుకునే పక్షంలో ఇరువైపులా వేరువేరు అపాయింటెడ్ ఏజెంట్లు ఉండాలని రాయించండి.

బయటి ఏజెంట్ ఎవరు అడిగినా, వాళ్ళకి ఏం జవాబిచ్చారో వారానికోసారి రాతపూర్వకంగా మీకు పంపాలి. నేనైతే దీని మీదే ఎక్కువ పట్టుబడతాను. బయటినుంచి మంచి ఆఫర్ వస్తున్నా ఏజెంట్ ఫోన్ ఎత్తకుండా, తన సొంత బయ్యర్‌కి ముందు చూపించారో లేదో ఇంకెలాగూ తెలియదు. ఇవి రాయడానికి ఒప్పుకోని ఏజెంట్‌తో సంతకం చెయ్యకండి.