గోడకి ఏమీ అంటించకుండా పిల్లల గది ఎలా సింగారించాలి? (వైజాగ్, అద్దె ఇల్లు, 4,000 లోపు)

మద్దిలపాలెం అమ్మ – జూన్ 18

అందరికీ నమస్తే. మేము మద్దిలపాలెంలో అద్దెకుంటున్నాం, రెండో అంతస్తు. ఉన్న రెండు గదుల్లో చిన్నది పిల్లలకిచ్చాం. తొమ్మిదడుగులకి పదడుగులు. పాప రెండో తరగతి, బాబుకి ఇంకా మూడేళ్లు నిండలేదు.

పోయినేడు గోడ స్టిక్కర్లు తెప్పించి జిరాఫీ, చెట్టు, పిట్టలు అన్నీ అంటించాను. ఆషాఢం వచ్చేసరికి అంచులు చుట్టుకుపోయాయి. పీకితే రంగుతో సహా ఊడొచ్చింది, లోపలి పుట్టీ కనబడుతోంది. ఓనరుగారు చూసి, ఖాళీ చేసేటప్పుడు పెయింటు ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటామన్నారు. మేకులు కొట్టడానికి ముందునుంచీ ఒప్పుకోరు.

ఈసారి పాప "సముద్రం గది" కావాలంటోంది. చేపలు ఉండాలట. నాలుగు వేలు మించి పెట్టలేను. ఇంట్లో కుట్టుమిషను ఉంది, మామూలు కుట్టుపని వచ్చు. మన ఊరి గాలికి ఆగేవి, అద్దె ఇంట్లో చెల్లేవి మీరేం చేశారో చెప్పండి.

లాసన్స్‌బే గాలి – జూన్ 18

స్టిక్కరు ఊడిందంటే ముందు గోడని చూడాలమ్మా. మా ఇల్లు బీచికి రెండు వీధుల అవతల. ఇరవై ఏళ్లుగా ఈ ఉప్పుగాలితోనే కాపురం. గోడలో చెమ్మ ఉన్నంతకాలం దాని మీద ఏ జిగురూ నిలవదు, ఏ రంగూ నిలవదు.

ఒక పని చెయ్యండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కాగితం గోడకి ఆనించి నాలుగు వైపులా టేపు వేసేయండి, ఎలాగూ పాడైన చోటే కాబట్టి భయం లేదు. రెండు రోజులాగి తీయండి. గోడ వైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడలోంచే వస్తోందని అర్థం. బయటి గోడలో పగులో, పైన బాత్రూము పైపో చూపించాలి, అది ఓనరుగారి పని. చుక్కలు గది వైపున్న ముఖం మీదే ఉంటే అది గాలిలో తేమ, కిటికీ తీసి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. ఈ పరీక్ష చేసి ఫోటో తీసి పెట్టుకోండి. అడ్వాన్సు మాట వచ్చినప్పుడు పనికొస్తుంది.

గోడ మీద తెల్లటి పొడిలా ఉప్పు తేలి ఉంటే తడిగుడ్డతో తుడవకండి. ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులపండి. రంగు వేయించే ఆలోచన ఉంటే వానల్లో వద్దే వద్దు. మనకి అక్టోబరు దాకా వానలే. సంక్రాంతి దాటాక గోడ ఎండి ఉంటుంది, అప్పుడు వేయించుకోండి.

ఇంకోమాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పోయి పిల్లల గది మొత్తం తడిసింది. అట్టపెట్టెలతో ముచ్చటపడి చేసిన పుస్తకాల అర ముద్దయిపోయింది. థర్మోకోల్ బొమ్మలు ముక్కలు ముక్కలుగా మూడిళ్ల అవతల దొరికాయి. మా ఆవిడ కుట్టిన గుడ్డబొమ్మలు మాత్రం ఉతికి, ఎండబెట్టి మళ్లీ కట్టుకున్నాం. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే లెక్క: ఉతికి ఆరేయగలిగిందైతేనే గదిలోకి వస్తుంది.

జాకెట్టుముక్క – జూన్ 19

అక్కా, ఇది మీకోసమే అన్నట్టుంది. నేను గోపాలపట్నంలో ఇంట్లోనే కుడతాను, ఇద్దరు పిల్లల గదులకి ఇలాగే చేశాను.

పాత నీలం నూలు చీర ఒకటి తీయండి. చీర ఐదున్నర మీటర్లు కదా, సగానికి కోస్తే రెండుముప్పావు మీటర్లు. అంటే సరిగ్గా మీ తొమ్మిదడుగుల గోడ. పన్నా నలభై అయిదు అంగుళాలు ఉంటుంది. మంచం తలవైపు నుంచి కిటికీ పై అంచు దాకా దాదాపు సరిపోతుంది. గోడంతా కప్పక్కర్లేదు, పిల్లల కంటికి ఎదురుగా ఉండే ఆ పట్టీ చాలు.

పై అంచు రెండంగుళాలు మడిచి గొట్టంలా కుట్టండి. అందులోంచి వెదురుకర్ర దూర్చండి. అడితిలో సన్నటివి దొరుకుతాయి, ఇనుప రాడ్ వద్దు, ఆరునెలల్లో తుప్పు మరక చీర మీద దిగుతుంది. కర్ర ఒక చివర కిటికీ గ్రిల్లుకి కట్టేయండి, రెండో చివర బీరువా మీద బరువు కింద పెట్టండి. అటక ఉంటే దానికి కట్టొచ్చు. మేకు అక్కర్లేదు.

ఇక చేపలు. మనింట్లో పేరంటాలకి వచ్చిన జాకెట్టుముక్కలు ఎన్నుంటాయో చూడండి. మా బీరువాలో ముప్పయ్యారు తేలాయి! ఒక్కో ముక్కకి పెద్ద చేప ఒకటి, చిన్నవి రెండు వస్తాయి.

ముందు పేపరు మీద చేప గీసి కత్తిరించుకోండి. దాన్ని ముక్క మీద పెట్టి చుట్టూ అరంగుళం వదిలి కత్తిరించాలి. ఆ అరంగుళానికి వంపుల దగ్గర చిన్న చిన్న గాట్లు పెట్టి, లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. గాట్లు పెట్టకపోతే తోక దగ్గర గుడ్డ ముడుచుకుపోతుంది. చీర మీద పరిచి ముందు కచ్చాకుట్టు వేసుకుని తర్వాత మిషను కుట్టు వేయండి. పొట్ట దగ్గర రెండు వేళ్లు పట్టేంత కుట్టకుండా వదిలి, అక్కణ్ణుంచి పాత చున్నీ ముక్కలు కూరి మూసేస్తే చేప ఉబ్బుతుంది. దానిమీద పిల్లలు చెయ్యి వేస్తూనే ఉంటారు. తోకకి చీర జరీ అంచు వేస్తే లైటు పడ్డప్పుడు మెరుస్తుంది. కన్ను గొలుసుకుట్టుతో కుట్టండి. గుండీ పెట్టొద్దు, మూడేళ్ల బాబు పీకి నోట్లో పెట్టుకుంటాడు.

కంచరపాలెం నాన్న – జూన్ 19

గుడ్డ అంటే దుమ్ము కదండీ. మా బాబుకి ఆయాసం ఉంది, డాక్టరుగారు గదిలో తివాచీలు, దూదిబొమ్మలు తగ్గించమన్నారు. అలాంటి ఇంట్లో ఏం చెయ్యాలి?

జాకెట్టుముక్క – జూన్ 19

అయితే మీకు ఉబ్బు చేపలు వద్దన్నా. మన తేమగాలికి దుమ్ములో పురుగులు బాగా పెరుగుతాయి. పలుచటి గుడ్డ ఒక్కటే పెట్టి, దుప్పట్లతో పాటు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతకండి. లేదా గుడ్డ మానేసి చెక్కబొమ్మలకి వెళ్లండి, తుడిస్తే చాలు.

వరాహ ఒడ్డు – జూన్ 20

చెక్కబొమ్మల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మాది యలమంచిలి పక్క. ఏటికొప్పాక బొమ్మలంటే షోకేసులో పెట్టి తాళం వేసేవి అనుకుంటారు చాలామంది. అవి పిల్లల చేతుల్లో ఉండాల్సినవి. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. సహజ రంగులతో చేసే వాటిలో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వాడతారు. ఆ రంగుల కోసం దశాబ్దాలు పనిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన బొమ్మలకి భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది.

కొనేటప్పుడు సహజ రంగులేనా అని అడిగి తీసుకోండి. పెద్ద బొమ్మలక్కర్లేదు. బొంగరాలు, లక్కపిడతలు, చిన్న చిన్న పిట్టలు కొంటే ఖర్చు తక్కువ. మా మనవరాలి గదిలో పిట్టల్ని నూలుతాడుకి గుచ్చి కిటికీ గ్రిల్లుకి కట్టాను. సాయంత్రం గాలి వేసినప్పుడు కర్రకి కర్ర తగిలి టకటకమంటాయి. బాబు మూడేళ్లవాడు కదా, చిన్నవి అందనంత ఎత్తులో కట్టండమ్మా.

ఒక జాగ్రత్త. కరోనా రోజుల్లో మా కోడలు శుభ్రం కోసమని బొమ్మలన్నీ శానిటైజరుతో తుడిచింది. లక్క ఆల్కహాలులో కరిగిపోతుంది. ఏనుగు వీపు జిగురు జిగురుగా అయ్యి, ఎర్రరంగు ఆమె చేతికంతా అంటుకుంది. ఆ ఏనుగు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, వీపు మీద వేలిముద్రలతో. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, ఎండలో పెట్టకండి.

ఆటోనగర్ – జూన్ 22

పుస్తకాల అర గురించి ఎవరూ రాయలేదు. గాజువాక ఆటోనగర్ వైపు సామాన్లు దించాక మిగిలిన ప్యాకింగ్ చెక్క అమ్మే దుకాణాలున్నాయి. నేను ఒక పాలెట్ (సామాన్ల కింద పెట్టే చెక్కపలకల చట్రం) తెచ్చి మోకాలెత్తు అర చేశాను. కొనేముందు దానిమీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, పిల్లల గదికి వద్దు. ముద్రే లేనిదీ వద్దు.

గరుకు కాగితంతో రుద్దడానికే నాకు రెండు ఆదివారాలు పట్టింది. పేళ్లు లేకుండా అరచేతితో నిమిరి చూసుకోవాలి. మొదటిసారి మామూలు మేకులు కొట్టాను, వానాకాలం గడిచేసరికి తెల్లరంగులోంచి ప్రతి మేకు చుట్టూ గోధుమరంగు మరక తేలింది. అన్నీ పీకి స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించాను. స్క్రూలకి రెండొందలు ఎక్కువైనా మళ్లీ దాని జోలికి వెళ్లలేదు.

రంగు విషయం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90) దాటకూడదని 2016లో నిబంధన తెచ్చారు, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. కాబట్టి అటకమీద మిగిలిపోయిన పాత ఎనామిల్ డబ్బా తీసి పిల్లల సామానుకి వేయకండి. కొత్త డబ్బా కొని, తయారీ తేదీ చూసుకోండి. పాత కిటికీ తలుపుల రంగు పొడిగా గీకొద్దు, ఆ పొడే ప్రమాదం. తడిపి గీకి, పిల్లల్ని ఆరోజు అమ్మమ్మగారింటికి పంపండి.

ఎత్తు మాత్రం మోకాలు దాటనివ్వకండి. గోడకి బిగించడానికి వీల్లేని ఇంట్లో ఎత్తైన అర పెడితే పిల్లాడు నిచ్చెనలా ఎక్కుతాడు.

సీతమ్మధార టీచర్ – జూన్ 22

పెళ్లి శుభలేఖలు పారేయకండి! మందపాటి కాగితం, బంగారు అచ్చు, ఎర్ర మఖమల్. నేను మా క్లాసు పిల్లలతో వాటిని నక్షత్రచేపలుగా, గవ్వలుగా కత్తిరించి దారానికి గుచ్చించాను. వినాయకుడి బొమ్మ, దేవుళ్ల బొమ్మలు ఉన్న భాగం కత్తిరించడానికి మనసొప్పదు కదా, అవి విడిగా తీసి పెట్టాం. వానాకాలం కాగితం మెత్తబడుతుంది, ఏడాదికోసారి మార్చుకోవడమే.

నిజమైన గవ్వలు పెడతారా? ఒడ్డున ఖాళీగా పడి ఉన్నవే ఏరండి, లోపల ప్రాణమున్నది ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద కొన్ని రకాలు తీయడమే నేరం, అందుకని పెద్ద శంఖాల జోలికి వెళ్లొద్దు. తెచ్చినవాటిని మంచినీళ్లలో రెండు మూడు రోజులు, నీళ్లు మారుస్తూ నానబెట్టండి. ఉప్పు వదలకపోతే అవి గాలిలో తేమ లాగి, పెట్టిన చోటల్లా తడి ముద్ర వేస్తాయి.

ఇద్దరు పిల్లలు – జూన్ 23

తోరణాలు ఫ్యాను రెక్కలకి దూరంగా కట్టండి. మంచం పక్కన వేలాడే తాడు ఒక్కటీ ఉండకూడదు, మెడకి చుట్టుకునే ప్రమాదం. బిళ్ల బ్యాటరీలతో వెలిగే దీపాలు అసలు వద్దు. ఆ బిళ్ల మింగితే గొంతు లోపల కాలిపోతుంది.

మద్దిలపాలెం అమ్మ – నవంబరు 9

అందరికీ ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. గది అయింది. ఖర్చు 2,640 రూపాయలు. పాలెట్, స్క్రూలు, రంగు కలిపి పదిహేను వందలు దాటింది. ఏటికొప్పాక పిట్టలు ఆరు, వెదురుకర్ర, దారాలు మిగతాది. చీర అత్తయ్యగారిది, జాకెట్టుముక్కలు మావే.

పాలిథిన్ పరీక్ష చేశాను. గోడ వైపే చుక్కలు! ఫోటో ఓనరుగారికి పంపితే ప్లంబరుని తెచ్చారు. పై ఇంటి బాత్రూము పైపు కారుతోంది. బాగుచేయించారు, అడ్వాన్సు మాట మళ్లీ ఎత్తలేదు. లాసన్స్‌బే గారూ, మీకు ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే.

చేపలు పదకొండు కుట్టాను. పన్నెండోది పాప కుట్టింది, అన్నీ చేత్తోనే. ఏడేళ్ల చేతి కుట్లు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. తోక పైకి పెట్టింది, ఎందుకమ్మా అంటే కిందికి దూకుతోంది అంది. విప్పి సరిచేద్దామా అని సూది పట్టుకుని, అలాగే వదిలేశాను. ఇంటికొచ్చినవాళ్లకి ఆ చేపే ముందు చూపిస్తుంది. బాబు రోజూ పసుపు చేప పొట్ట పట్టుకునే నిద్రపోతున్నాడు, అక్కడ గుడ్డ అప్పుడే నలిగిపోయింది.

అక్టోబరు వానలకి చీర కొంచెం ముక్కవాసన వేసింది. కర్ర దింపి, ఉతికి, ఎండ వచ్చిన రోజు డాబా మీద ఆరేశాను. గంటలో మళ్లీ కట్టేశాం. గోడ మీద ఒక్క మచ్చ లేదు.

మిగిలిన సగం చీర ఉంది. కిటికీకి తెర కుట్టనా?

జాకెట్టుముక్క – నవంబరు 9

కిటికీకి వద్దక్కా, మీ ఎండకి నీలం వేసవిలోపే వెలిసిపోతుంది, గోడ మీదున్న సగానికి రంగు కలవదు. దిండుగలీబులు కుట్టండి. ఒక మూర మాత్రం దాచండి, బాబు పట్టుకునే ఆ పసుపు చేప చిరిగితే వెనకనుంచి అతుకు వేయడానికి అదే గుడ్డ కావాలి.