తుఫానునూ కరువునూ పాత చెరువులు ఎలా తట్టుకున్నాయి?

ప్రశ్న (ఉదయగిరి మెట్ట): మా వైపు పెద్ద వానలన్నీ అక్టోబరు–డిసెంబరు మధ్యే, అదీ వాయుగుండం పడితేనే. పడితే కట్టలు తెగేంత, లేదంటే చెరువు అడుగు పగిలేంత. యంత్రాలు లేని కాలంలో రెండింటినీ ఎలా సంబాళించారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

చెరువుకట్ట: కిటుకు కట్ట ఎత్తులో లేదండీ, కలుజులో, అంటే నిండిన చెరువులో మిగులు నీరు బయటికి పొర్లే దారిలో ఉంది. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లాయంటే వెనక వాలు కోసుకుపోయి గండి పడుతుంది. అందుకే కలుజును కట్టకన్నా తగ్గులో, గట్టి నేల చూసి రాతితో కట్టారు. చాలా పాత కలుజుల మీద వరసగా నిలువు రాళ్లుంటాయి. తుఫాన్ల కాలంలో ఆ సందులు ఖాళీగా ఉండాలి. వానలు వెనకబట్టాక గడ్డీ బంకమట్టీ కూరితే ఆ మేరకు నీళ్లు అదనంగా నిలుస్తాయి. ఆశకొద్దీ ముందే మూశారో, పై చెరువు తెగి కింది చెరువు మీద పడుతుంది, ఒకదాని కింద ఒకటిగా ఉన్న చెరువుల గొలుసంతా పోతుంది. ఇప్పుడు కలుజు వాగులు పూడ్చి ప్లాట్లు వేస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

శాసనాల పిచ్చి: వెలిగొండల అవతల పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చదవండి. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. రోజుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ల పని. అందులో చెరువుకు ఆరు దోషాలు చెప్పారు: కట్ట ఊట, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేర, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. మీరడిగిన కరువూ వరదా ఆ చివరి రెండే. కట్టే ముందే లెక్క చూసుకోమన్నారు. కంభంలో గుండ్లకమ్మకు కొండల ఇరుకులో అడ్డం వేశారు కాబట్టే చిన్న కట్టతో అంత పెద్ద చెరువు నిలిచింది.

ఉదయగిరి మెట్ట: మరి చెరువు నిండని ఏడు?

జొన్నచేను: ఉన్న నీటికి వంతులు, మెట్టన సజ్జ, జొన్న, వరిగ. తిండికి పాతర. నీరు నిలవని గట్టి మిట్టన గొయ్యి తీసి, అడుగునా చుట్టూరా ఎండుగడ్డి పరిచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన గడ్డి వేసి మట్టితో మెత్తేవారు. గాలి ఆడక పురుగు చస్తుంది. చెమ్మ తగిలితే మాత్రం అంచు గింజ ముక్కిపోతుంది. తెరిచిన వెంటనే దిగకూడదు, లోపలి గాలికి మనిషి ప్రాణం పోతుంది. ముందు దీపం దించి చూసేవారు. ఆరిపోతే ఇంకాసేపు ఆగాల్సిందే.