నాన్న సంతకం కుదరలేదని చెల్లి పెళ్లి సొమ్ము ఆపొచ్చా?

కొబ్బరితోట, అంబాజీపేట దగ్గర

అందరికీ నమస్కారం అండి. మా చెల్లి పెళ్లి వైశాఖంలో. ఇంకా 19 రోజులే ఉంది. సొమ్ము ఉంది, చేతికి రావడం లేదు.

నాన్న కురిడీ కొబ్బరి వ్యాపారంలో మిగిలిందంతా కొద్దికొద్దిగా దాచి, చెల్లి పెళ్లికని 7 లక్షలు ఫిక్స్‌డ్ వేశారు. ఒకసారి చీటీల్లో మునిగిన మనిషి. అప్పట్నుంచి బ్యాంకుని తప్ప ఎవర్నీ నమ్మలేదు. సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట తడబడుతుంది గానీ మనిషికి అన్నీ తెలుసు. ఎవరికి ఎంత బాకీ ఉందో ఇప్పటికీ నోటిమీద చెబుతారు.

పోయిన మంగళవారం ఆటోలో కూర్చోబెట్టి బ్యాంకుకి తీసుకెళ్లాం. ఎడంచేత్తో సంతకం చేశారు. కలవలేదన్నారు. తెల్లకాగితం ఇచ్చి ఆరుసార్లు చేయించారండి. నాన్న సంతకంలో చివరి అక్షరం కొమ్ము తిప్పి, కింద నుంచి వెనక్కి ఒక గీత లాగుతారు. సరిగ్గా ఆ గీత దగ్గరికి వచ్చేసరికి పెన్ను జారిపోతోంది. ఆరోసారి పెన్ను బల్ల మీద పెట్టేసి నా మొహంలోకి చూశారు. అమ్మ నామినీ కదా, ఆవిడ సంతకం తీసుకోండి అన్నాను. "నామినీకి ఆయన పోయాకే వర్తిస్తుంది" అన్నారు. ఆయన పక్కనే కూర్చుని వింటున్నారు.

కోర్టు నుంచి గార్డియన్ ఆర్డరు తెమ్మంటున్నారు మేనేజరు గారు. 19 రోజుల్లో ఎక్కడి ఆర్డరండి? వంటవాళ్లకీ పందిరికీ అడ్వాన్సుల కోసం ఊళ్లో వడ్డీకిచ్చే ఒకాయన దగ్గర లక్ష తెచ్చాను, రెండు రూపాయల వడ్డీకి. మిగతా 5 లక్షలూ ఇస్తానని ఆయనే కబురు పెట్టారు.

నేను అడిగేది ఒక్కటే. మనిషి కళ్లముందు ఉండి, నా డబ్బు నాకివ్వండి అంటుంటే, సంతకం కుదరలేదని ఆపడం న్యాయమా? నా మటుకు ఇది ఘోరం.

చెరువుగట్టు, భీమవరం

ఘోరమే తమ్ముడూ. రొయ్యల మేత కోసం నన్నూ ఒక బ్యాంకు మూడు నెలలు తిప్పింది. ఇవాళ ఒక కాగితం, రేపు ఇంకో కాగితం. మా ఊళ్లో ఆసామి దగ్గరికి రాత్రి 10 గంటలకి వెళ్తే నోటు రాసుకుని అప్పటికప్పుడు లెక్కపెట్టి ఇచ్చాడు. మనిషిని చూసి ఇచ్చేవాడికీ, సంతకంలో గీత చూసి ఇచ్చేవాడికీ తేడా అదే. ఆ 5 లక్షలు తీసుకో. పెళ్లివారి ముందు మాట పోతే మళ్లీ రాదు. బ్యాంకుతో తర్వాత తేల్చుకోవచ్చు.

పాలకొల్లు పిన్ని

బాబూ చెరువుగట్టూ, ఆయన తలుపు తీసింది నీ మొహం చూసి కాదు, నీ చెరువు చూసి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. మొత్తం 6 లక్షల మీద నెలకి 12,000. బ్యాంకు వ్యవహారం ఆరు నెలలు నడిస్తే 72,000 వడ్డీకే పోతాయి. ఆ పిల్లాడికి ఈ లెక్క చెప్పకుండా తీసేసుకో అనడం భావ్యం కాదు.

నేను ఈ అవస్థ పడ్డదాన్నే. మా పెద్దమ్మాయి పెళ్లి 2016 నవంబరు ఆఖర్లో అయింది. పాత నోట్లు రద్దయి మూడు వారాలు కూడా కాలేదు. పెళ్లికని ఖాతాలోంచి రెండున్నర లక్షల దాకా ఇస్తామన్నారు, శుభలేఖ పట్టుకెళ్లాం. ఎవరికి ఎంత ఇస్తారో జాబితా రాయమన్నారు. 10,000 గానీ ఆపైన గానీ నగదు తీసుకునేవాళ్లచేత, మాకు బ్యాంకు ఖాతా లేదని రాయించి తెమ్మన్నారు. సన్నాయి వాయించే పెద్దాయన ఆ కాగితం చేతిలో పట్టుకుని, "నాకు జన్‌ధన్ ఖాతా ఉందమ్మా, లేదని ఎలా రాసివ్వను?" అన్నారు. ఆయనచేత అబద్ధం రాయించడానికి మా ఆయనకి మనసు ఒప్పలేదు.

అప్పుడు వియ్యాలవారికి ఉన్నమాట చెప్పేశాం. సారెలో కాజాలూ పూతరేకులూ సగానికి తగ్గించాం. బ్యాండు మానేశాం. మా వియ్యపురాలు ఇవాళ్టికీ ఒక్కమాట అనలేదు. బాబూ కొబ్బరితోటా, అప్పు చేసేముందు వాళ్లతో మాట్లాడు.

మాజీ క్యాషియర్, రామచంద్రపురం

31 ఏళ్లు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ని. నా మాట మీలో కొందరికి రుచించదు, అయినా చెబుతాను.

సంతకం చూడటం తప్పు కాదండి. మా బ్రాంచిలో ఒకసారి మంచాన పడ్డ తండ్రి వేలిముద్ర వేయించుకుని కొడుకు డిపాజిట్ మొత్తం తీసుకున్నాడు. నెల తిరక్కుండా ఆయన పోయారు. ఇద్దరు కూతుళ్లు వచ్చి కౌంటరు ముందు నిలబడి, "మా నాన్నకి తెలిసే వేశారా?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ ఆడపిల్లల మొహాలు నాకింకా గుర్తే. కాబట్టి బ్యాంకు జాగ్రత్త పడకూడదంటే ఒప్పుకోను.

కానీ ఈ అబ్బాయి విషయంలో బ్యాంకు చేసింది తప్పు. జాగ్రత్తగా ఇచ్చే దారి ఉండగా అసలు ఇవ్వకపోవడం తప్పు. జబ్బుతో సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. చేతి వేలు కాకపోతే కాలి వేలు కూడా చెల్లుతుంది. బ్యాంకుకి తెలిసిన, సంబంధం లేని సాక్షులు ఇద్దరు ఉండాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఆయన తరఫున డబ్బు ఎవరు అందుకుంటారో ఆయనచేతే చెప్పించి, ఆ మనిషినీ సాక్షులచేత గుర్తింపజేయాలి. కోర్టు ఆర్డరు మనిషికి స్పృహ, తెలివి లేనప్పటి మాట. మీ నాన్నగారికి బాకీలతో సహా అన్నీ గుర్తున్నాయంటున్నారు కదా.

ఫిక్స్‌డ్ మూసి ఆయన సొంత సేవింగ్స్‌ ఖాతాలోకే వేయమని వేలిముద్రతో అర్జీ పెట్టించండి. డబ్బు ఆయన ఖాతా దాటదు కాబట్టి మేనేజరుకీ భయం తగ్గుతుంది. తర్వాత విత్‌డ్రాయల్ ఫారం. డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి. జబ్బుతో కదల్లేనివాళ్లకి ఇంటికొచ్చి సేవ చేయాలని 2017 నవంబర్లోనే సర్క్యులర్ వచ్చింది, అదీ అడగండి. కుదరదంటే ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వాల్సి వచ్చేసరికి చాలామంది రూలు తీసి చదువుతారు.

తణుకు కోడలు

ఇద్దరి పేర్లమీదా వేసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదండీ. ఇప్పటికి మాత్రం వడ్డీ వ్యాపారి కంటే బంగారం మీద తేవడం మేలు అన్నయ్యా. 2026 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో నూటికి 85 దాకా ఇవ్వొచ్చు. అప్పు తీర్చాక 7 పనిదినాల్లో నగ తిరిగివ్వకపోతే రోజుకి 5,000 చొప్పున వాళ్లే మనకి కట్టాలి.

మాజీ క్యాషియర్, రామచంద్రపురం

అమ్మా, బంగారం మాట సరే. ఇద్దరి పేర్ల సంగతి మాత్రం చాలామంది పొరపడేది. "ఇద్దరిలో ఎవరైనా" అని రాసుకున్నా, ఇద్దరూ బతికుండగా గడువుకి ముందు తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. గడువు తీరాకే ఒక్కరి సంతకం చాలుతుంది. పెళ్లికని డబ్బు వేసేవాళ్లు అందుకే మొత్తం ఒకే రసీదుగా వేయకండి. లక్షా, రెండు లక్షలుగా విడగొట్టి, గడువులు మార్చి వేయండి.

కొబ్బరితోట

క్యాషియర్ గారూ, మీరు చెప్పిన వేలిముద్ర మాట బ్యాంకులో ఒక్కరు కూడా మాకు చెప్పలేదండి. ఆరు సంతకాలు చేయించినవాళ్లకి ఆ ఒక్కమాట చెప్పడానికి ఏం అడ్డొచ్చింది? మీరు బ్యాంకు వైపు మాట్లాడారని నాకు కోపం లేదు. ఆ ఇద్దరు కూతుళ్ల సంగతి చదివి రాత్రి నిద్రపట్టలేదు. రేపు మా చెల్లి అలా నిలబడాల్సి వస్తే నేనూ ఇంతకంటే గట్టిగానే అడుగుతాను.

చెల్లెమ్మా, అమ్మవి 12 కాసులున్నాయి. నానుతాడూ గాజులూ చెల్లి పీటల మీద పెట్టుకోవాల్సినవే. అవి తాకట్టులో ఉంటే ఆ పూట అమ్మ తట్టుకోలేదు.

పిన్నిగారూ, పెళ్లికొడుకు నాన్నగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "బావగారి ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నారు ముందు. తర్వాత, విస్తళ్లు 800 నుంచి 500కి తగ్గించండి, మావాళ్లకి మేం చెప్పుకుంటాం అన్నారు.

చెరువుగట్టు, భీమవరం

అలాంటి వియ్యంకుడు దొరకడం మీ అదృష్టం తమ్ముడూ. అందరికీ దొరకరు. నా మాట మీద నేను నిలబడతాను. రూలు ఉండి కూడా చెప్పని బ్యాంకు కంటే, వడ్డీ ఇంత అని మొహం మీద చెప్పేవాడు నయం. రూలు రామచంద్రపురంలో ఒక పెద్దాయనకి తెలిసింది కాబట్టి సరిపోయింది. తెలియనివాళ్ల గతేంటి?

పాలకొల్లు పిన్ని

ఆ చివరి ప్రశ్నకి నా దగ్గరా సమాధానం లేదు బాబూ. నూటికి 24 మాత్రం నయం కాదు.

కొబ్బరితోట

వారం తర్వాత రాస్తున్నాను. డాక్టరు కాగితం, అర్జీ పట్టుకుని వెళ్లాను. మేనేజరు గారు మొదట అదే మాట అన్నారు. రాసిమ్మన్నాను. రేపు రండి అన్నారు. రెండు రోజులు తిరిగాక శుక్రవారం సాయంత్రం ఒక ఆఫీసరు గారు స్టాంపు ప్యాడ్‌తో మా ఇంటికే వచ్చారు. రెండో సాక్షి, ఆ బ్యాంకులోనే ఖాతా ఉన్న మా ఊరి మాస్టారు. ఆఫీసరు గారు నాన్న మంచం పక్కన కుర్చీ వేసుకుని, మమ్మల్నందర్నీ బయటికి పొమ్మని, "ఈ డబ్బు ఎందుకు తీస్తున్నారు?" అని అడిగారట. "అమ్మాయి పెళ్లికి" అని రెండుసార్లు చెప్పారట నాన్న. అలా అడిగినందుకు ఆయనమీద నాకు గౌరవం కలిగింది. మొదటి రోజు కౌంటర్లోనే అడిగి ఉంటే నాన్న అంతమందిలో ఆరుసార్లు పెన్ను పట్టుకోవాల్సిన పని ఉండేది కాదు, ఆ మాట నేను వదలను.

గడువుకి ముందు తీసినందుకు వడ్డీలో కొంత కోత పడింది. సొమ్ము నాన్న సేవింగ్స్‌లో పడ్డట్టు సోమవారం మెసేజి వచ్చింది. ఊళ్లో తెచ్చిన లక్ష అదేరోజు వడ్డీతో సహా తీర్చేసి నోటు వెనక్కి తెచ్చుకున్నాను.

నాన్న బొటనవేలి ఇంకు సబ్బుకి వదల్లేదు. చెల్లి కొబ్బరినూనె రాసి తుడుస్తోంది. ఎల్లుండి రాట వేస్తున్నామండి.