సముద్రం అడుగున పడేసిన రసాయన ఆయుధాలు: పైకి తీయాలా, వదిలేయాలా?

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బాల్టిక్ సముద్రంలో దాదాపు 40,000 టన్నుల రసాయన ఆయుధాలు పారేశారు. చాలా భాగం డెన్మార్క్‌కు చెందిన బోర్న్‌హోమ్ ద్వీపానికి తూర్పున పడింది. వీటి గురించి చదివినకొద్దీ నాకు మనసు కుదురుగా ఉండటం లేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

వీటిలో ఉన్న మస్టర్డ్ గ్యాస్ అనే విషం పేరుకే గ్యాస్. చల్లటి నీళ్లలో గడ్డకట్టి, పైన పెంకు కట్టుకుని, లోపల విషం దశాబ్దాలపాటు అలాగే ఉండిపోతుంది. జాలరి వలలో అది మట్టిముద్దలా పైకొస్తుంది. ముట్టుకున్నప్పుడు నొప్పే ఉండదు. కొన్ని గంటలయ్యాక బొబ్బలు లేస్తాయి. పాపం, ఆ మనిషికి అదేమిటో ఎలా తెలుస్తుంది?

నా మొదటి సందేహం వెతకడం గురించే. బాంబు ఇనుప తొడుగు మిగిలి ఉంటే సోనార్ (శబ్దతరంగాలతో వెతికేది), మాగ్నెటోమీటర్ (ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాను పసిగట్టేది) పట్టుకుంటాయి. తొడుగు తుప్పుపట్టి రాలిపోయి, ముద్ద ఒక్కటే మిగిలితే? అడుగు మట్టి నమూనాలు పరీక్షించడం తప్ప దారి లేదా?

నేల మీదైతే కొంత నయం. న్యూట్రాన్ పరికరంతో గుండును తెరవకుండానే లోపల ఏముందో కనుక్కుంటారు. చైనాలోని హార్బాలింగ్‌లో జపాన్ సైన్యం వదిలేసిన రసాయన ఆయుధాలను తవ్వి తీసి, 2014 నుంచి మూసిన గదుల్లో ధ్వంసం చేస్తున్నారు. ఇలాంటి ఏర్పాటు ఓడ మీద సాధ్యమా? పైకి లాగేటప్పుడే పగిలితే ఎలా?

ఇంకొకటి. 1985 జనవరి 1కి ముందు సముద్రంలో పడేసినవాటిని ప్రకటించాలా వద్దా అన్నది రసాయన ఆయుధాల ఒప్పందం (వాటిని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం) ఆయా దేశాలకే వదిలేసింది. మరి శుభ్రం చేసే బాధ్యత ఎవరిది? ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లెవరైనా ఉంటే వివరంగా రాయండి.