వాట్సాప్‌లో మొదట పంపింది ఎవరో ప్రభుత్వానికి చెప్పాల్సిందేనా?

ప్రశ్న అడిగినవారు:
2021 ఐటీ రూల్స్ ప్రకారం 50 లక్షలకు పైగా యూజర్లున్న మెసేజింగ్ యాప్, ఉత్తర్వు వస్తే, ఒక మెసేజ్‌ని దేశంలో మొదట పంపిందెవరో చెప్పాలి. అలా చేస్తే ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేకుండా మెసేజ్‌కి వేసే తాళం) పోతుందని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్ తీసేయమంటే ఇండియా నుంచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో అక్కడే చెప్పింది. మీరు ఎటువైపు?

పల్లె మాస్టారు:
నేను ప్రభుత్వం వైపే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని మా ఊరి గ్రూపులో వాయిస్ మెసేజ్ వచ్చింది. మర్నాడు దుప్పట్లు అమ్ముకునే మనిషిని బస్టాండు దగ్గర చుట్టుముట్టారు. మూట విప్పితే నాలుగు దుప్పట్లు, ఒక టిఫిన్ డబ్బా. అప్పటికే చెవి పక్కన నెత్తురు కారుతోంది. ముగ్గురం అడ్డుపడి బడిలోకి లాక్కెళ్లి తలుపు వేసేశాం. ఆ జులై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రాయిన్‌పాడాలో ఇలాంటి పుకారుకే ఐదుగురిని కొట్టి చంపారు. మెసేజ్ పుట్టించినవాడి పేరు అడిగితే తప్పా? లోపలి మాటలు చదవమనట్లేదు కదా.

బెజవాడ టెకీ:
మాస్టారూ, ఒక ప్రాణం నిలబెట్టారు, మీకు దణ్ణం. కానీ పేరు ఒక్కటే ఇవ్వడం కుదరదండీ. రేపు ఏ మెసేజ్ గురించి అడుగుతారో ముందు తెలీదు. కాబట్టి అందరి మెసేజ్‌లకీ గుర్తు వేసి దాచాలి. మీరు మీ అమ్మాయికి పంపినవీ, నేను డాక్టరుకు పంపిన రిపోర్టులూ అందులోనే. పైగా వేరే చోట చూసి కాపీ చేసి పెట్టిన అమాయకుడే "మొదటివాడు"గా తేలొచ్చు.

దొడ్డిదారి ఒకసారి పెట్టాక ఎవరు దూరతారో మన చేతిలో ఉండదు. గ్రీస్‌లో 2004-05లో అదే జరిగింది. చట్టబద్ధంగా ఫోన్లు వినడానికి వొడాఫోన్ ఎక్స్ఛేంజీల సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఏర్పాటునే ఎవరో వాడుకుని ప్రధానమంత్రితో సహా వందమందికి పైగా ఫోన్లు నెలల తరబడి విన్నారు. 2024లో అమెరికా టెలికాం కంపెనీల్లో పోలీసుల కోసం పెట్టిన ఏర్పాట్లలోకి చైనాకు చెందినవారని చెప్తున్న హ్యాకర్లు దూరారు. ఆ డిసెంబరులో ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడండని అక్కడి అధికారులే చెప్పాల్సి వచ్చింది.

పల్లె మాస్టారు:
గ్రీస్ ఎక్కడ, మనమెక్కడ! ఇక్కడ కోర్టు ఉత్తర్వు కావాలి కదండీ.

ఓరుగల్లు లాయరమ్మ:
కోర్టు ఉత్తర్వైనా సరే, ఐటీ చట్టం సెక్షన్ 69 కింద హోం శాఖ కార్యదర్శి ఇచ్చేదైనా సరే అని రూల్‌లో ఉంది మాస్టారూ. రెండోదానికి జడ్జి అక్కర్లేదు. ఫోన్ ట్యాపింగ్ కేసులో 2024 మార్చిలో హైదరాబాద్‌లో అరెస్టయింది పోలీసు అధికారులే. తప్పు ఎవరిదో కోర్టు తేలుస్తుంది, నేను తీర్పు చెప్పను. కానీ వినే అధికారం ఉన్నచోట ఎంత భయం పుడుతుందో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. మెసేజ్ అందుకున్నవాళ్ల ఫోన్లో పంపిన నంబరు ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక్కో మనిషినీ అడుగుతూ వెనక్కి వెళ్లొచ్చు. నెమ్మదే, కానీ దానికి ఎవరి తాళమూ పగలగొట్టక్కర్లేదు.

పల్లె మాస్టారు:
నెమ్మది అంటే నాకింకా టెన్షనేనమ్మా, ఈలోపు ఇంకో ఊళ్లో ఇంకొకడి మూట విప్పుతారు. కానీ ఒకటి ఒప్పుకుంటాను. ఆ వాయిస్ మెసేజ్ నా ఫోన్లో నెల రోజులుంది. చూపించమని ఎవరూ రాలేదు.